నాలుగో అడుగు

మూడు దాటింది. పరీక్ష నాలుగింటికి. డోట్సె తాత ఎక్కిన బస్సు ఊరి బయట అషైమాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుందో, వచ్చేస్తోందో తెలియదు. నేను మాత్రం డాన్స్ హాలు బయట మెట్ల మీద చెప్పులు విప్పుకుని కూర్చుని, పొద్దుటినుంచీ చూస్తున్న వీడియోనే మళ్ళీ చూస్తున్నాను, శబ్దం పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. శబ్దం పెడితే అది ఆట. మా ఊరి ఆడవాళ్ళ ఆట, మా మేనత్త కొసివా ఆడిన ఆట, ఇక్కడ యూనివర్సిటీలో నా దగ్గర నేర్చుకున్న పద్దెనిమిది మంది మ్యూజిక్ స్టూడెంట్లు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్న ఆట. శబ్దం తీసేస్తే పద్దెనిమిది మంది కుంటుతున్నారు. మూడు అడుగులు బాగానే వేస్తారు, నాలుగోది బరువంతా ఎడమ కాలి మీద మోపాల్సిన అడుగు, అక్కడ అందరికీ ఎడమ తుంటి కిందికి జారుతుంది, ఒక్క క్షణం అక్కడే ఉండిపోతుంది, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు పైకి లేస్తుంది. పియానో వాయించేవాడికి, ట్రంపెట్ ఊదేవాడికి, చర్చిలో పాడే పిల్లకి, అందరికీ ఒకే చోట, ఒకే తుంటి. మంగళవారం రిహార్సల్లో వాళ్ళలోనే యాయ్రా అనే పిల్ల ఫోను కిటికీలో నిలబెట్టి తీసింది దీన్ని. ఎంత బాగా వచ్చిందో చూడండి ఆంటీ అని రాసి పొద్దున పంపింది. ఆఫీసులో కూర్చుని తెరిచాను, అవతల మా హెడ్ డాక్టర్ ఓపారే ఫోన్లో మాట్లాడుతూ తగ్గించమని చెయ్యి ఊపారు, శబ్దం తీసేశాను. తీసేయకపోయి ఉంటే ఇవాళ నాకీ గొడవే లేదు. చూసి, నీళ్ళు తెచ్చుకుందామని లేచాను. వరండా చివరి గాజు తలుపులో ఎవరో ఆడమనిషి ఎదురొస్తోంది, ఎడమ తుంటి జారుతోంది, పాపం, దారివ్వాలి కదా అని పక్కకి జరిగాను. ఆవిడా జరిగింది. నేనే.

నాకు కాలు బాగాలేదని నాకు తెలియక కాదు. పన్నెండేళ్ళయింది, అఫ్లావో రోడ్డు మీద వానలో నేనెక్కిన ట్రోట్రో వ్యాను పక్కకి ఒరిగి గుంటలో పడింది, నా తుంటిలో ఇనప ప్లేటు వేశారు, ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నాను. లేచాక నడిచాను, నడిచాక ఆడాను, ఆడుతున్నానంటే బాగైపోయినట్టే కదా అనుకున్నాను. అదీ నా లెక్క. కుంటు నడకలోనే ఉంటుంది, ఆటలోకి రాదనుకున్నాను. ఎవరైనా అనుకుంటారా అలా? నేను అనుకున్నాను. ఆరేళ్ళుగా ఈ హాల్లో గుండ్రానికి ముందు నిలబడి నేనే నడిపిస్తున్నాను, నా వెనక వాళ్ళు. నా వీపు వాళ్ళకి కనిపిస్తుంది, వాళ్ళ తుంట్లు నాకు కనిపించవు. కూర్చుని చూసిన రోజుల్లో కూడా తేడా ఏమీ తోచలేదు, ఎందుకంటే నా ఒళ్ళు ఎక్కడ దిగుతుందో అక్కడే వాళ్ళూ దిగుతున్నారు, నాకు హాయిగా ఉంది. ఆరేళ్ళంటే నూరు మందికి పైనే. వాళ్ళు ఊరుకున్నారా, హో అనే ఊళ్ళో బడిలో పాఠాలు చెబుతున్నారు, కుమాసీలో చెబుతున్నారు, ఎక్కడో ఉత్తరాన టమాలేలో ఒకమ్మాయి నలభై మంది పిల్లల్ని నిలబెట్టి ఇదే ఆట ఆడించి ఫోటో పంపింది. ఆ వంపు ఆటలోదైతే సరే. కాకపోతే నేను మా అత్త ఆటని ఎక్కడికీ పంపలేదు, నా విరిగిన తుంటిని పంపాను.

మరి అది ఆటలోది కాదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. నేనే అనుకుంటున్నాను, అదీ పొద్దుటినుంచి. అందుకే లేచి, వరండాలో ఎవరూ లేరని చూసి, అడుగులు వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగోదానికి దిగింది. దిగనివ్వకుండా బిగబట్టి మళ్ళీ వేశాను, తుంటిలో చురుక్కుమంది, స్తంభం పట్టుకున్నాను. ప్రమాదానికి ముందు ఎలా వేసేదాన్ని? ఒంటిని అడిగితే ఎప్పుడూ ఇలాగే అంటుంది. ఒంటికేం, అలవాటైనదాన్నల్లా పుట్టుకతో వచ్చిందంటుంది. ఇంకెవరిని అడగను? మా ఊళ్ళో ఆ ఆట తెలిసినవాళ్ళు నలుగురు మిగిలారు, ఇద్దరు చర్చి మారి మానేశారు, ఆ ఊసే ఎత్తనివ్వరు, ఒకావిడ సరిహద్దు దాటి లోమె వెళ్ళిపోయింది, ఎక్కడుందో తెలియదు, నాలుగో ఆవిడకి కిందటేడు వెళ్తే నేనెవరో కూడా తెలియలేదు, చేపలమ్మడానికి వచ్చాననుకుని ఇవాళ వద్దంది. వీడియోలు లేవు. మా అత్తది ఒక్క ఫోటో ఉంది, కొత్త గుడ్డ చుట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంటుంది, రెండు కాళ్ళూ నేల మీదే ఉంటాయి. ఇక మిగిలింది డోట్సె తాత ఒక్కడే. ముప్ఫై ఏళ్ళు మా అత్త ఆటకి పెద్ద డోలు వాయించినవాడు. ఎనభై ఒకటి నిండాయి. ఇవాళ పరీక్షకి పెద్దమనిషిగా వస్తున్నాడు. పిలిచింది నేనే, పోయిన నెల, గొప్పకి పోయి.

కొసివా అత్త ఎలా నడిచేది? కళ్ళు మూసుకుంటే చిన్న ఉల్లి మళ్ళు కనిపిస్తాయి, సముద్రానికీ ఉప్పునీటి సరస్సుకీ మధ్య ఇసకలో వరసలు వరసలుగా మళ్ళు. అత్త రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలు పట్టుకుని మడికీ మడికీ మధ్య సన్నటి దారిలో వస్తోంది, నీళ్ళు తొణుకుతున్నాయి, తుంటి ఊగుతోంది. ఊగుతోందా, జారుతోందా? బరువు మోస్తే ఎవరికైనా ఊగుతుంది. ఖాళీ డబ్బాలతో తిరిగి వెళ్ళేటప్పుడు ఎలా నడిచేదో చూడాలి, కానీ ఆ చిత్రం నాకు రాదు, ప్రతిసారీ నిండు డబ్బాలతోనే ఎదురొస్తుంది. చిన్నప్పుడు అత్తకి నారి కురుపు లేచిందట, చీలమండ పక్కన నున్నటి మచ్చ ఉండేది, బొటనవేలు ఆనించేంత. చివరి రోజుల్లో ఆ కాళ్ళు కడిగింది నేనే, గోరువెచ్చటి నీళ్ళతో, రోజూ. ఆ మచ్చ మీద నా వేలు వెళ్ళడం ఇప్పటికీ తెలుస్తోంది. ఎడమ కాలా, కుడి కాలా? తెలియడం లేదు. మంచానికి ఇటువైపు కూర్చున్నానా, అటువైపా? కిటికీ ఎటుంది? ఆ గది నాకు అద్దంలో తిరగేసినట్టు రెండు రకాలుగానూ గుర్తొస్తోంది. ఆమె కాలు మర్చిపోయానంటే ఇంకేం గుర్తున్నట్టు.

నా తొమ్మిదో ఏట నేర్పింది. నేర్పింది అనకూడదు, ముందు నడిచింది, నేను వెనక నడిచాను. ఎలా వెయ్యాలి అత్తా అంటే, నోరు మూసి నడుం చూడు అనేది. ఒకరోజు ఆటకి తాళం వేసే ఇనప గంట పుల్లతో నా పిక్క మీద కొట్టింది.

"ఈ కాలింకా నిద్ర లేవలేదా? లేపనా?"

నిద్ర లేవని కాలంటే వెనకబడ్డ కాలు. అంటే నాలుగో అడుగు దగ్గర నేను ఆగుతున్నానని కొట్టిందా? అయితే ఆగకూడదు, వంపు ఆటలో లేదు. లేదా ఆగాల్సిన చోట ఊరికే దాటేస్తున్నానని కొట్టిందా? అయితే ఉంది. ఏ పిక్క మీద కొట్టిందో గుర్తొస్తే సగం తేలుతుంది. మంట గుర్తుంది, ఏడ్చింది గుర్తుంది, ఏడుస్తుంటే పొయ్యి మీద మాడుతున్న చేపల వాసన గుర్తుంది, పిక్క మాత్రం గుర్తులేదు.

నేనూ అలాగే నేర్పాను కదా, అదే నా ఖర్మ. ఈ పిల్లలు సంగీతం చదవడానికి వచ్చినవాళ్ళు, కాగితం ముందు పెడితే ఏదైనా వాయిస్తారు, కాగితం తీసేస్తే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. మొదటిరోజు బూట్లు విప్పమంటే కోబినా, కేప్ కోస్ట్ నుంచి వచ్చిన ట్రంపెట్ కుర్రాడు, ఎందుకు ఆంటీ, సాక్సులు ఉంచుకోవచ్చా అని అడిగాడు. యాయ్రా మా వైపు పిల్లే, అయినా మా పాస్టరుగారు డోలుకి ఆడొద్దన్నారని మూల నిలబడింది. పోనీ డోలుకి ఆడకు, గంటకి ఆడు అన్నాను, కాసేపు ఆలోచించి వచ్చింది. అందరూ పెదాలు కదుపుతూ లెక్క. ఒకటీ రెండూ మూడూ నాలుగూ. గంట మొదటి దెబ్బే ఒకటి అనుకుని కాలు వేస్తారు, తప్పుతారు, మళ్ళీ లెక్క. లెక్కపెట్టేవాళ్ళు బయటికెళ్ళి లెక్కపెట్టుకుని రండి అన్నాను. నన్ను చూడండి, నేనేం చేస్తే అది చెయ్యండి, ఎందుకని అడగొద్దు. నిజంగానే నేనేం చేస్తే అది చేశారు. రెండోవారం నా చుట్టుగుడ్డ జారుతుంటే మాటిమాటికీ ఎడమచేత్తో నడుం దగ్గర ఎగదోసుకుంటున్నాను, వెనక్కి తిరిగి చూద్దును కదా, పద్దెనిమిది మందీ ప్యాంట్ల మీద లేని గుడ్డని ఎగదోస్తున్నారు. ఎంత నవ్వానో ఆ రోజు. ఇంటికెళ్ళి ఒక్కదాన్నే మొక్కజొన్న కెంకె తింటూ కూడా నవ్వాను. నవ్వడానికి బదులు భయపడి ఉండాల్సింది. కోర్సుకి సిలబస్ రాసివ్వండి మేడమ్ అబ్లా అని డాక్టర్ ఓపారే అడిగితే, నా నడుమే నా సిలబస్ అన్నాను, స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఫిబ్రవరిలో అనుకుంటా, కోబినా కాగితం పట్టుకుని వచ్చాడు, గీతల మీద చుక్కలు, చుక్కలకి తోకలు.

"ఆంటీ, నాలుగో అడుగు దగ్గర మీరు కాస్త ఆలస్యంగా లేస్తారు. అదెంత? సగమా, పావా?"

"అంత," అన్నాను.

"అంతంటే ఎలా రాయను ఆంటీ?"

"రాయొద్దు, దిగు."

అయినా రాసుకున్నాడు. ఈ ఆటంతటిలో నాకు బాగా నచ్చింది అదే ఆంటీ, అక్కడ లోపల ఏదో ఆగి మళ్ళీ మొదలవుతుంది అన్నాడు. వాళ్ళు దానికి దిగుడు అని పేరు కూడా పెట్టుకున్నారు. పియానో పిల్ల ఒకతి, ఆ దిగుడు వచ్చాకే నా ఎడమచెయ్యి వినబడ్డం మొదలైంది ఆంటీ అంది. నేనేం చేశానంటే, గర్వపడ్డాను. మా ఊరి ఆటలో ఎంత ఉందో చూడండి అన్నట్టు తలాడించాను. అబద్ధమైతే మాత్రం అది ఆ పిల్ల చెయ్యిని ఎలా బాగుచేసింది? తప్పయితే అంత అందంగా ఎలా ఉంది? అందంగా ఉందా, లేక అలవాటైందా? శబ్దం పెట్టి చూశాను, అందంగా ఉంది. తీసేసి చూశాను. ఫోను మూసేశాను.

అడిగేస్తే పోలా. నంబరు నొక్కాను. బస్సు హోరు, ఎవరో పాస్టరు బస్సులో నిలబడి ప్రార్థన చేస్తున్న గోల, మధ్యలో తాత గొంతు.

"తాతా, ఎక్కడున్నావు?"

"బస్సులో. బస్సెక్కడుందో డ్రైవరుకే తెలియడం లేదు, నాకేం తెలుస్తుంది."

"నీరసంగా లేదు కదా?"

"నాకేం. నీ పిల్లలు ఇంకా లెక్కపెడుతున్నారా, లేదా?"

"మానేశారు."

"నువ్వు మాన్పించావా, విసుగెత్తి వాళ్ళే మానేశారా?"

"తాతా, నిన్నొకటి అడగాలి."

"అడుగు."

అడగడం ఎంతసేపు. మా అత్త నాలుగో అడుగు దగ్గర దిగేదా? ఇంతే కదా మాట. కానీ లేదు అంటే? ఇంకో నలభై నిమిషాల్లో ఆ పద్దెనిమిది మంది వస్తారు, వాళ్ళకేం చెప్పను? అవును అంటే నమ్ముతానా? ఫోన్లో అవతల చూపు కనబడదు, గొంతుదేముంది.

"దార్లో సొగాకోపెలో రొట్టె కొన్నావా?"

"కొన్నా. సగం తినేశా కూడా. ఇదడగడానికా ఫోన్ చేశావు? పెట్టేయ్."

పెట్టేశాను. వేపచెట్టు కింద కారు పార్కు దగ్గర మబ్బు కమ్ముతోంది, వాన వస్తుందో పోతుందో అదీ తెలియదు. చెప్పేయాలి, వాళ్ళు రాగానే చెప్పేయాలి, ఆ దిగుడు తీసేయండి అని. పావుగంటలో తీసేయగలరా? ఒంట్లోకి వెళ్ళింది మాటతో పోతుందా? మార్కులన్నీ దీని మీదే. పైగా అది నిజంగా ఆటలోదే అయితే, అప్పుడు మా అత్త ఆటని నా నోటితో నేనే నరికినదాన్నవుతాను. చెప్పినా తప్పే, మానినా తప్పే. మూడూ ముప్పావుకి వచ్చారు, ఆడపిల్లలు ఒకే రంగు గుడ్డలు చుట్టుకుని, మగపిల్లలు భుజం మీదుగా వేసుకుని, ఒకళ్ళ గుడ్డ ఒకళ్ళు సర్దుకుంటూ, భయంతో అనవసరంగా నవ్వుతూ.

"ఆంటీ, తాతగారు తిడతారా?" యాయ్రా అడిగింది.

"తిట్టడు. ఎగతాళి చేస్తాడు."

"అది ఇంకా ఘోరం కదా," అన్నాడు కోబినా. "ఆంటీ, ఏమైంది మీకు? ముఖం అలా ఉందేం?"

"ఎండ," అన్నాను. మబ్బు పట్టి ఉంది బయట.

తాతని గేటు దగ్గర్నుంచి డాక్టర్ ఓపారే తన కారులో తీసుకొచ్చారు. హాల్లోకి వస్తుంటే నేను బెంచీ దగ్గర లేచి నిలబడ్డాను, ఎదురు వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ప్రమాదం తర్వాత ఊరికి వెళ్ళిన రెండుసార్లూ ఆయన వచ్చేసరికి నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, నేను నడవడం ఆయన చూడలేదు. ఇప్పుడు కూడా చూడనివ్వలేదు, కావాలనే. పెద్దమనిషి ఎదురుగా నాటిన గుంజలా నిలబడి, ఆయన వచ్చేదాకా ఆగి, మోకాళ్ళు వంచి దండం పెట్టాను. ఏమనుకున్నాడో. నా తల మీద చెయ్యి పెట్టి, లావయ్యావు అన్నాడు. వెళ్ళి పెద్ద డోలు చూసుకున్నాడు, చర్మం మీద నీళ్ళు చిలకరించి, మేకులు బిగించి, తన సంచీలోంచి తన పుల్లలే తీసుకున్నాడు. రెండో సంవత్సరం పిల్లలు గంటకీ చిన్న డోళ్ళకీ కూర్చున్నారు. నేను బెంచీ మీద, డాక్టర్ ఓపారే పక్కన. ఇక చేసేదేమీ లేదు, ఆయన చేతుల్ని చూడడమే. డోలు చెబుతుంది. వంపు ఆటలో ఉంటే అక్కడ డోలు దానికోసం ఆగుతుంది, లేకపోతే దాటిపోతుంది. ఇంత తేలికైన సంగతి పొద్దుటినుంచి నాకెందుకు తట్టలేదో.

మొదటి చుట్టులో డోలు ఆగలేదు. నాలుగో అడుగు దగ్గర వాళ్ళు దిగి ఉండగానే పుల్ల పడింది, గుండ్రమంతా ఒకసారి తడబడింది, వెనకున్న కుర్రాడు కోబినా మడమ తొక్కాడు. అయిపోయింది అనుకున్నాను. రెండో చుట్టులో డోలు ఆగింది. వాళ్ళు దిగారు, పుల్ల గాల్లో నిలిచింది, వాళ్ళు లేచాక పడింది, ఎంతో అందంగా పడింది. ఉందన్నమాట, తాతకి గుర్తొచ్చిందన్నమాట అని ప్రాణం లేచొచ్చింది, అంతలోనే కాదని తోచింది. తాత మంచి వాయిద్యగాడు. మంచి వాయిద్యగాడు ఎదుటి కాలుని చూసి వాయిస్తాడు. కాలు ఎలా పడితే అలా. ఆయన డోలు మా అత్త గురించి ఏమీ చెప్పడం లేదు, ఈ పిల్లల గురించే చెబుతోంది. మూడో చుట్టు మధ్యలో పుల్లలు డోలు మీద పెట్టేశాడు.

"బాగుంది అమ్మాయ్. చేతులు బాగున్నాయి, వీపులు బాగున్నాయి. కానీ వీళ్ళందరికీ ఒకే కాల్లో ముల్లెలా గుచ్చుకుంది?"

రెండో సంవత్సరం పిల్లలు నవ్వారు. డాక్టర్ ఓపారే పెన్ను ఆగింది. కోబినాకి రోషం వచ్చింది.

"ముల్లు కాదు తాతగారూ, అది ఆటలోదే. రాసుకున్నాం కూడా." పరుగెత్తుకెళ్ళి సంచీలోంచి కాగితం తెచ్చి ఇచ్చాడు. తాత దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఇందులో కాలెక్కడుంది నాయనా?"

ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి, చెప్పాల్సింది నేనే. లేచాను. బెంచీ నుంచి డోలు దాకా ఎనిమిది అడుగులు ఉంటాయి. చెక్క నేల మీద నా వట్టి పాదాలు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, హాలంతా వినబడింది. తాత నా ముఖం చూడలేదు. కాలు చూశాడు. నేను దగ్గరికి వచ్చేదాకా కాలే చూశాడు. తర్వాత తల ఎత్తి, పుల్లతో తన నుదురు తట్టుకున్నాడు.

"ఆఁ, నాదే మతిమరుపు. కొసివా కూడా వేసేది అది. అవునవును, ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ వంపు లేకపోతే ఆటే లేదు." డాక్టర్ ఓపారే వైపు తిరిగాడు. "రాసుకోండయ్యా, సరిగానే ఉంది."

పెన్ను కదిలింది. కోబినా నా వైపు చూసి, చూశారా అన్నట్టు కనుబొమలెగరేశాడు. హమ్మయ్య అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, కాళ్ళలోంచి బరువు దిగిపోయింది. ఆరేళ్ళూ సరైపోయాయి, హో ఊరి పిల్లలు, టమాలేలో నలభై మంది, అందరూ సరైపోయారు, ఇక వెళ్ళి కూర్చోవడమే. తాతకి నిజంగానే గుర్తొచ్చి ఉండవచ్చు. నా నడకలో మా అత్త నడక కనిపించి ఉండవచ్చు, ఆమెకి నారి కురుపు కాలు ఎడమదే అయి ఉండవచ్చు. లేదా నా కాలు చూసి జాలిపడి ఉండవచ్చు. తాత నాతో అబద్ధమాడడా? ఆడతాడు. అత్త మంచం పట్టినప్పుడు, ఉల్లి పీకేనాటికి లేచి తిరుగుతుందిలే అన్నాడు, ఆయనకి తెలుసు లేవదని. చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాను.

"తాతా, నీకు గుర్తొచ్చింది నిజమేనా?"

"ఈ వయసులో నాకు గుర్తొచ్చేవన్నీ నిజాలేనమ్మాయ్." నవ్వలేదు. "వెళ్ళి కూర్చో."

ఇక అడగడానికి ప్రపంచంలో ఎవరూ లేరు. మధ్యలో నిలబడిపోయాను, ఇటు తాత, అటు బెంచీ. ఏది నిజమో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆయన ముందు నా కాలు చూశాడు, తర్వాతే గుర్తొచ్చింది. ముందు గుర్తొచ్చి తర్వాత చూసి ఉంటే నేను వెళ్ళి కూర్చునేదాన్ని. పిల్లల వైపు తిరిగాను, నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

"ఇంకోసారి ఆడండి. నాలుగో అడుగు దగ్గర దిగొద్దు. ఆగకుండా వెళ్ళిపోండి."

"ఎందుకాంటీ?" కోబినా అన్నాడు. ఎందుకని అడగొద్దన్నాక ఆ మాట నన్ను అడగడం అదే మొదటిసారి.

"అది నా కాలు. తుంటిలో ప్లేటుంది. మీరు నేర్చుకున్నది దాన్ని."

డాక్టర్ ఓపారే కళ్ళజోడు తీసి, "మేడమ్ అబ్లా, పరీక్ష మధ్యలో మార్చేస్తారా?" అన్నారు. మార్చేస్తానండి అన్నాను. యాయ్రా గుడ్డ అంచు నలుపుతూ, "మరి అసలు ఆట ఎలా ఉంటుందాంటీ?" అంది.

"నాకు తెలియదు. ఆడితే చూద్దాం. నువ్వు ముందు నడువు."

తాత నా వంక ఒకసారి చూసి, పుల్లలు తీసుకున్నాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. మొదటి చుట్టు రోత, సగం మంది దిగారు, సగం మంది దిగబోయి ఆపుకున్నారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. కోబినా పెదాలు మళ్ళీ కదులుతున్నాయి, లెక్క. రెండో చుట్టులో యాయ్రా తల దించుకుని, డోలుని కాక గంటనే వింటూ, వెనక ఎవరొస్తున్నారో రాలేదో పట్టించుకోకుండా వెళ్ళిపోయింది, మిగతావాళ్ళకి ఆమె వెనక పడక తప్పలేదు. మూడో చుట్టులో అతుక్కుంది. డోలు ఎక్కడా ఆగలేదు, ఆగాల్సిన పని లేదు, పద్దెనిమిది వీపులు ముడుచుకుని తెరుచుకుంటూ నేల మీద చప్పుడు లేకుండా పోతున్నాయి. ఎంత వేగంగా ఉందో ఈ ఆట. ఇందులో మా అత్తని వెతికాను. యాయ్రా మెడ వంపులో ఒక్కసారి కనిపించినట్టే ఉంది, మళ్ళీ చూస్తే యాయ్రాయే. ఇదేనా అది? ఇది కూడా నేను ఇప్పటికిప్పుడు కల్పించిందేనా? తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది, ఈ గుండ్రంలో నేను కాలు పెట్టే సందు ఎక్కడా లేదు. దుఃఖంగా ఉంది, సంతోషంగానూ ఉంది, ఏది దేనికో విడదీయలేకపోయాను. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను, అయినా నాలుగో అడుగు దగ్గర నా ఎడమ తుంటి కిందికి దిగింది. అది లేచేలోపు వాళ్ళు నన్ను దాటి వెళ్ళిపోయారు.